వీధి స్తంభం మీద బుల్లి టవరు

తెల్లారి వాకిట్లో కళ్ళాపి చల్లే వేళకి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి ఒక తెల్ల పెట్టె బిగించి ఉంటుంది. నిన్న సాయంత్రం అది లేదు. దాని అడుగునుంచి ఒక నల్ల తీగ స్తంభం వెంబడే పోయి పక్క స్తంభం వైపు సాగింది. పెట్టె మీద పేరు లేదు, ఫోను నంబరు లేదు. "ఏంటండీ అది?" అని ఒకరు అడుగుతారు. "ఎవర్నడిగి పెట్టారండీ?" అని ఇంకొకరు. ఏ ఊళ్లోనైనా ఈ రెండు ప్రశ్నలూ ఇదే వరుసలో వస్తాయి. మొదటిదానికి విజ్ఞానశాస్త్రం జవాబు చెబుతుంది, రెండోదానికి చట్టం. మామూలుగా ఈ రెండు జవాబులూ వేర్వేరు పుస్తకాల్లో దొరుకుతాయి. కానీ పెట్టె లోపల జరిగేదేమిటో తెలియకుండా నియమం రాస్తే, ఆ నియమం అనవసరంగా భయపడుతుంది, లేదా భయపడాల్సిన చోట కళ్లు మూసుకుంటుంది. అందుకే ఈ అధ్యాయంలో రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇందుకు సామర్లకోటను ముందు పెట్టుకుందాం. 2011 జనాభా లెక్కల్లో సుమారు 57 వేలమంది ఉన్న పురపాలక పట్టణం ఇది. చెన్నై-హౌరా రైలు మార్గంలో జంక్షన్. కాకినాడ లైను ఇక్కడే చీలుతుంది. పంచారామాల్లో ఒకటైన కుమారారామం, చాళుక్య భీముడు కట్టించిన భీమేశ్వరాలయం, ఈ ఊళ్లోనే ఉంది. వీధి స్తంభాల మీద పరికరాల సంగతి ఎప్పుడు చర్చకొచ్చినా హైదరాబాద్, బెంగళూరు పేర్లే వినిపిస్తాయి. అనుమతి సంగతి తేల్చడానికి చట్టం మాత్రం మహానగరానికీ సామర్లకోటకూ ఒకే గడువు పెట్టింది. మహానగరంలో ఆ గడువు దాటకుండా చూసుకోవడానికి ఇంజినీర్ల విభాగం ఉంటుంది, వకీళ్లుంటారు. మధ్యరకం పట్టణానికి ఎవరున్నారన్నదే ఇక్కడ మన చింత.

టవరుండగా ఇదెందుకు?

కార్తీక సోమవారంనాడు భీమేశ్వరాలయం దగ్గర ఫోను తీసి చూస్తే సిగ్నలు గీతలు నిండుగానే కనిపిస్తాయి. ఇంటికి ఫొటో పంపుదామంటే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. గీతలు చూపేది టవరు గొంతు మన చెవికి ఎంత గట్టిగా వినబడుతోందన్న సంగతి ఒక్కటే. ఆ టవరు ఒకేసారి ఎంతమందికి జవాబు చెప్పగలదన్నది వేరే లెక్క. పంచారామాల యాత్రకు బస్సుల్లో దిగిన జనమంతా ఒకే టవరు మీద పడినప్పుడు వాళ్లందరి మాటలూ వంతు కోసం బారులు తీరతాయి. రైలు వచ్చి ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద జరిగేదీ ఇదే.

గోదావరి జిల్లాల రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ధవళేశ్వరం నుంచి వచ్చే తూర్పు డెల్టా కాలువల్లో సామర్లకోట కాలువ ఒకటి. కాలువ నిండా నీరున్నా, వెయ్యి ఎకరాలకు ఒకే తూము ఉంటే శివారు చేలకు వంతు వచ్చేసరికి నారు ఎండిపోతుంది. కాలువను ఇంకా వెడల్పు చేయడం అందుకు విరుగుడు కాదు. ఎక్కువ తూములు, ఎక్కువ పంటబోదెలు, ఒక్కొక్క తూము కింద తక్కువ ఆయకట్టు ఉంటే శివారు తడుస్తుంది. మొబైల్ కంపెనీలు ఇప్పుడు చేస్తున్నది ఈ పనే. పెద్ద టవరును అలాగే ఉంచి, జనం కిక్కిరిసే చోట వీధికొక చిన్న ప్రసార కేంద్రం పెడతాయి. ఇంజినీర్లు దీన్ని స్మాల్ సెల్ అంటారు. మనం బుల్లి టవరు అందాం.

పోలిక ఒకచోట తెగుతుంది, ఆ చోటు తెలుసుకోవాలి. ఒక చేను తాగేసిన నీరు మరో చేనుకు దక్కదు. రేడియో తరంగం సంగతి వేరు. ఒక వీధిలో వాడుకున్న తరంగశ్రేణినే నాలుగు వీధుల అవతల మళ్లీ వాడుకోవచ్చు, రెండూ మెల్లగా మాట్లాడినంతకాలం. వినాయక చవితి పందిళ్లు గుర్తు చేసుకోండి. ఊరంతటికీ ఒకే పెద్ద మైకు పెడితే ఒకటే హరికథ వినపడుతుంది. ప్రతి పందిట్లో చిన్న మైకు పెట్టి గొంతు తగ్గిస్తే ఒకే రాత్రి పది కథలు చెప్పుకోవచ్చు. బుల్లి టవరుకు బలమంతా దాని మెత్తని గొంతులోనే ఉంది. 2022లో మన దేశపు నియమాలు దాన్ని నిర్వచించింది కూడా దాని గొంతు అందే దూరాన్ని బట్టే: తక్కువ శక్తితో 10 మీటర్ల నుంచి 2 కిలోమీటర్ల వరకు అందేది.

ఇంకో కారణం తరంగాల పొడవు. 700 మెగాహెర్ట్జ్ తరంగం ఇంచుమించు మూరెడు ఉంటుంది. 5జీకి ఎక్కువగా వాడుతున్న 3,300 మెగాహెర్ట్జ్ శ్రేణిలో అది బెత్తెడు. 2022 జులై-ఆగస్టు వేలంలోనే అమ్ముడైన 26 గిగాహెర్ట్జ్ శ్రేణిలో సెంటీమీటరు పైచిలుకు, అంటే వేలి మందం. పొడవు తగ్గినకొద్దీ తరంగం ఎక్కువ సమాచారాన్ని మోయడానికి చోటు దొరుకుతుంది, కానీ అడ్డంకులకు లొంగిపోతుంది. మూరెడు తరంగం గోడ దాటి ఇంట్లోకి వస్తుంది. వేలి మందం తరంగం వానకు తడిసిన కొబ్బరాకు దగ్గరే సగం నీరసిస్తుంది. అలాంటి తరంగాన్ని మన దాకా తేవాలంటే దాన్ని పంపే పరికరం వీధిలోకే రావాలి. వీధిలో నిలబడడానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే, కరెంటు స్తంభం.

స్తంభం మోసే బరువు

ఆ స్తంభాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. మన వీధుల్లో ఎక్కువగా కనిపించే సిమెంటు స్తంభం 8 మీటర్ల పొడుగు. అందులో ఇంచుమించు ఆరో వంతు నేలలో ఉంటుంది. దీన్ని 140 కిలోల స్తంభం అంటారు. 140 కిలోల సామాను మోయగలదని దీనర్థం కాదు. కొస దగ్గర పక్కనుంచి అంత బలంతో లాగినా నిలబడేలా చేశారని అర్థం. స్తంభానికి నెత్తిమీది బరువుకన్నా పక్కనుంచి లాగే లాగుడుతోనే ప్రమాదం. తీగ లాగుతుంది, గాలి తోస్తుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. కాబట్టి పెట్టె తూకం పది కిలోలా పదిహేనా అన్నదానికన్నా, గాలికి ఎదురొడ్డే దాని ముఖం ఎంత వెడల్పు, అది ఎంత ఎత్తులో ఉంది అన్న ప్రశ్నలు ముఖ్యం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను చూసిన జిల్లాలివి. స్తంభాలు ఎలా ఒరుగుతాయో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక ఆ స్తంభం ఇప్పటికే మోస్తున్నవి చూడండి. పైన కరెంటు తీగలు. వాటి కింద వీధి దీపం. దాని కింద కేబుల్ టీవీ తీగల కట్ట, చుట్టలు చుట్టి వేలాడదీసిన ఫైబర్, అక్కడక్కడ ఒక సీసీ కెమెరా, పండగ రోజుల్లో ఫ్లెక్సీ. ఇందులో ఫైబర్‌కు మన రాష్ట్రంలో ప్రత్యేకమైన చరిత్ర ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో దాన్ని ప్రారంభించారు. తీగ లాగడం కష్టమైన చోట్ల కాంతికిరణంతోనే గాలిలో సమాచారం పంపే 2,000 పరికరాల జంటలు పెడతామని గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్ ప్రయోగశాలతో అదే నెలలో ఒప్పందం కూడా ప్రకటించారు. అంటే స్తంభాన్ని సమాచార మార్గంగా వాడుకోవడంలో మన రాష్ట్రం దేశంలో చాలా ప్రాంతాలకన్నా ముందు నడిచింది. తవ్వకం ఖర్చు లేకపోబట్టే నెలకు 149 రూపాయలకు ఇంటింటికీ కనెక్షన్ ఇస్తామని ఆనాడు చెప్పగలిగారు. స్తంభాన్ని పంచుకోవడంవల్ల ప్రజలకు కలిగే మేలుకు ఇంతకన్నా నిదర్శనం వెతకనక్కర్లేదు.

అదే పంచుకోవడం లెక్కాపత్రం లేకుండా సాగితే ఏమవుతుందో 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతపూర్‌లో తెలిసింది. కృష్ణాష్టమి రథం ఊరేగింపులో విద్యుదాఘాతం తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కోసిపారేయడం మొదలుపెట్టారు, ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది, వివాదం హైకోర్టుకెక్కింది. ఏ తీగ ఎవరిది, దేనికి అనుమతి ఉంది, ఏది ఎప్పుడో పనికిరాకుండా పోయి వేలాడుతోంది అన్న జాబితా ముందే ఉండి ఉంటే, అన్నిటినీ ఒకే కత్తెరతో కోయాల్సిన అవసరం వచ్చేది కాదు. మనుషులు పోయాక మొదలైన నియంత్రణకు విచక్షణ ఉండదు. ఆ జాబితా ముందే ఎందుకు ఉండాలో చెప్పడానికి ఈ ఒక్క ఘటన చాలు.

బుల్లి టవరు తెచ్చే కొత్త చిక్కు ఇంకొకటుంది. అది స్తంభం దగ్గర నిలబడి చూస్తేగాని తట్టదు. వీధి దీపాలకు స్తంభం మీద విడిగా ఒక తీగ ఉంటుంది. సాయంత్రం దాన్ని వేస్తారు, తెల్లారి తీసేస్తారు. పగలు ఆ తీగలో కరెంటు ఉండదు. బుల్లి టవరు పగలూ రాత్రీ పనిచేయాలి. కాబట్టి దీపం తీగనుంచి కరెంటు తీసుకుంటే కుదరదు, ఇళ్లకు పోయే తీగనుంచి విడిగా కనెక్షన్, దానికో మీటరు కావాలి. మీటరు లేకపోతే ఆ కరెంటు ఖర్చు ఎవరి బిల్లులో పడుతుంది? దీపం మార్చడానికి నిచ్చెన ఎక్కే మనిషి తీగ చల్లబడి ఉందనుకుని చెయ్యి పెడితే, పక్కనే పగలు కూడా కరెంటున్న పెట్టె ఉందని అతనికి ఎవరు చెబుతారు? పెట్టెను మన వీధిలోకి రానిచ్చేముందు ఈ రెండింటికీ జవాబు కాగితం మీద ఉండాలి.

అరవై ఏడో రోజు

చట్టం సంగతికొద్దాం. ఒకరి స్థలంలోనుంచి తీగ లాగే హక్కును అధికారులు రైట్ ఆఫ్ వే అంటారు. దారి హక్కు అంటే సరిపోతుంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం దీనికి మూలం. 2016 నవంబరులో ఆ చట్టం కింద కేంద్రం వివరమైన దారి హక్కు నియమాలు తెచ్చింది. 5జీ రాకముందు, 2022 ఆగస్టులో వాటిని సవరించి బుల్లి టవర్లనూ, 8 మీటర్లకు మించని స్తంభాలనూ, వీధి సామగ్రినీ మొదటిసారి పేరుపెట్టి చేర్చింది. వీధి సామగ్రి అంటే కరెంటు స్తంభం, వీధి దీపం, ట్రాఫిక్ దీపం, బస్టాపు వంటివన్నీ. పట్టణంలో అలాంటి ఒక్కో స్తంభం మీద బుల్లి టవరు పెట్టుకోవడానికి ఏడాదికి 300 రూపాయలు, పల్లెలో 150 రూపాయలు అని రేటు కట్టింది. ప్రైవేటు ఇంటి మీద పెట్టుకోవడానికి యజమాని ఒప్పుకుంటే చాలు, మున్సిపాలిటీ అనుమతి అక్కర్లేదు, ముందుగా తెలియజేసి కట్టడం గట్టిదనానికి ఇంజినీరు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ తర్వాత 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. దాని కింద రాసిన దారి హక్కు నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి.

ఈ నియమాల్లో ప్రతి పట్టణం గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒకటుంది. దరఖాస్తు అందిన 67 రోజుల్లో సంబంధిత సంస్థ అనుమతి ఇవ్వాలి, లేదా కారణం రాతపూర్వకంగా చెప్పి కాదనాలి. రెండూ చేయకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలు అన్నారు. అరవై ఏడో రోజు దాటాక మౌనం పూర్తి అంగీకారమే.

ఇందులో అన్యాయమేమీ లేదు. ఫైళ్లు ఏళ్ల తరబడి బల్లల మీద మగ్గడం అందరికీ తెలిసిన జబ్బు, గడువు దానికి మందు. కానీ ఆ గడువులోపల చేయాల్సిన పని చూడండి. సామర్లకోట వంటి ఊళ్లో ఒక స్తంభం నిజానికి ఎంతమందిది? సిమెంటు స్తంభం విశాఖపట్నం కేంద్రంగా నడిచే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది. దానికి వేలాడే దీపం మున్సిపాలిటీది. కింది నేల పెద్ద రోడ్డయితే రోడ్లు భవనాల శాఖది, కాలువ గట్టయితే జలవనరుల శాఖది, స్టేషన్ ఆవరణ అయితే రైల్వేది. భీమేశ్వరాలయం పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అలాంటి కట్టడానికి చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కాబట్టి కార్తీకమాసంలో జనం ఎక్కడ ఎక్కువగా చేరతారో, బుల్లి టవరు అవసరం ఎక్కడ అందరికన్నా ఎక్కువో, సరిగ్గా అక్కడే కొత్త స్తంభం నాటాలంటే కేంద్ర పురావస్తు చట్టం కూడా తెరిచి చూడాలి. ఇన్ని సంస్థల మధ్య ఆ స్తంభం వయసెంత, ఇప్పటికే ఏమేం మోస్తోంది, ఇంకా ఎంత మోయగలదు అన్న పుస్తకం లేకపోతే, దరఖాస్తు వచ్చాక మొదలుపెట్టి 67 రోజుల్లో తేల్చడం కష్టం. తేల్చలేకపోతే చట్టమే తేల్చేస్తుంది.

"అంతా ఢిల్లీలో నిర్ణయమైపోయింది, మున్సిపాలిటీ చేతిలో ఇంకేం మిగిలింది?" అని అడిగేవాళ్లున్నారు. గడువు, ధర ఢిల్లీలో నిర్ణయమైన మాట నిజం. షరతులు మాత్రం మిగిలాయి. 2016 నియమాలే ప్రజల భద్రత కోసం, కట్టడాల గట్టిదనం కోసం, జనానికి కలిగే ఇబ్బంది తగ్గించడం కోసం షరతులు పెట్టి అనుమతించవచ్చని చెప్పాయి. కాలువ గట్టుకు కొత్త తూము పెట్టాలంటే ఇంజినీరు దాని మట్టం, వ్యాసం, ఆయకట్టు రాసుకుని మరీ ఒప్పుకుంటాడు. తూము వద్దని గట్టు ఎవరూ అనరు. ఎవరికి తోచినట్టు వాళ్లు గట్టు తవ్వుకోకూడదనే అంటారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ కాలం నుంచి డెల్టా బతికింది ఈ పద్ధతి మీద. వీధి స్తంభానికి ఆ పద్ధతి ఇంకా రాలేదు.

షరతు ఏమిటో ముందే తెలియకపోతే కంపెనీకీ కష్టమే. ఏ స్తంభానికి పెట్టె బిగించవచ్చో, ఎంత పెట్టె అయితే సరేనో, కరెంటు ఎక్కడినుంచి తీసుకోవాలో పట్టణం ఒక కాగితం మీద ముందుగా ప్రకటిస్తే దరఖాస్తు వారంలో తేలుతుంది. నియమాలు సాంకేతికతను ఆలస్యం చేస్తాయన్న ఆరోపణకు నా జవాబు ఇది: ఆలస్యం నియమం వల్ల రాదు, నియమం ఏమిటో చివరిదాకా తెలియకపోవడం వల్ల వస్తుంది. పెట్టె సైజు సంగతే తీసుకోండి. ఐరోపా సమాఖ్య 2020లో ఇలాంటి పరికరాల్లో బయటికి కనిపించే భాగం 30 లీటర్ల ఘనపరిమాణం దాటకూడదని గీత గీసింది. మనం ఇంట్లో నీళ్లు తాగే 20 లీటర్ల క్యాను ఒకటిన్నర అన్నమాట. ఆ లోపు ఉంటే ప్రత్యేక అనుమతి అవసరం లేకుండా పని అయిపోతుంది. మన 2022 నిర్వచనం గొంతు అందే దూరాన్ని కొలిచింది, పెట్టె ఎంత ఉండాలో కొలవలేదు. తుపాను గాలి లెక్కలోకి తీసుకునేది మాత్రం ఆ రెండో కొలతనే.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో వీధి సామగ్రి మీద బుల్లి టవర్ల ప్రయోగాలు జరిపించి, ఆ నవంబరులో సిఫారసులిచ్చింది. ప్రయోగాలు జరిగినవి భోపాల్ స్మార్ట్ సిటీ, ఢిల్లీ విమానాశ్రయం, బెంగళూరు మెట్రో, కాండ్లా రేవు. నాలుగూ ఒకే యజమాని చేతిలో, సొంత ఇంజినీర్లతో, స్తంభాల లెక్క చేతిలో ఉన్న చోట్లు. అరడజను శాఖల మధ్య నిలబడ్డ మధ్యరకం పట్టణపు స్తంభం ఆ ప్రయోగంలో లేదు.

భయానికి కొలత

"ఇంటిముందు టవరు పెడితే రేడియేషన్ కదండీ?" ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు, కొలిచి జవాబు చెప్పాలి. రేడియో తరంగం ఎక్స్‌రే లాంటిది కాదు. అణువులను చీల్చే శక్తి దానికి లేదు. మోతాదు ఎక్కువైతే వేడి పుట్టిస్తుంది, పరిమితులన్నీ ఆ వేడిని దృష్టిలో పెట్టుకుని కట్టినవే. 2012 సెప్టెంబరు 1 నుంచి భారతదేశం టవర్ల ప్రసారానికి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే హద్దుగా పెట్టుకుంది. 5జీ శ్రేణిలో అది చదరపు మీటరుకు 1 వాటు. మిట్టమధ్యాహ్నం ఎండ ఒంటిమీద పడితే చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్లు. ఎండా రేడియో తరంగమూ ఒకే రకం కాదు గాని, వేడి మోతాదు అంచనాకు ఈ పోలిక పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను క్యాన్సర్ కారకం కావచ్చేమో అనే వర్గంలో చేర్చిన మాట నిజమే. సాక్ష్యం పరిమితంగా ఉన్నప్పుడు చేర్చే వర్గం అది. కలబంద ఆకు సారం కూడా అందులోనే ఉంది.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. చెవి దగ్గర పెట్టుకునే ఫోను కూడా ఒక ప్రసార కేంద్రమే. టవరు దూరంగా ఉంటే అది తన శక్తికొద్దీ, ఇంచుమించు 0.2 వాట్ల దాకా, అరుస్తుంది. దగ్గరగా ఉంటే గుసగుసలాడుతుంది. కాలువకు అవతలి ఒడ్డున ఉన్న మనిషిని పిలవడానికీ, అరుగుమీద పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడడానికీ గొంతులో ఉండే తేడా అది. పైగా దూరం రెట్టింపైతే మనమీద పడే తరంగబలం నాలుగో వంతుకు తగ్గుతుంది. కాబట్టి పది అడుగుల అవతలి బుల్లి టవరు కన్నా, సిగ్నలు అందక చెవి దగ్గర అరుస్తున్న ఫోను మన తలకు ఎక్కువ తరంగాలు పంపవచ్చు.

అంతమాత్రాన ఎక్కడ పెట్టినా ఫర్వాలేదనడం సబబు కాదు. మన పాత వీధుల్లో స్తంభానికీ మేడమీది వరండాకూ మధ్య చాలాచోట్ల చెయ్యి చాపితే అందే దూరమే ఉంటుంది. అదే నాలుగో వంతు లెక్క ఇక్కడ ఎదురు తిరుగుతుంది: దూరం సగమైతే బలం నాలుగింతలు. పెట్టె ముఖం ఎవరి కిటికీ వైపు ఉంది, అది ఎన్ని మీటర్ల ఎత్తున ఉంది అన్నవి అనుమతి పత్రంలో ఉండాలి. టవర్ల ప్రసారం హద్దుల్లో ఉందో లేదో చూసుకోవడానికి 2017లో కేంద్రం తరంగ్ సంచార్ అనే పోర్టల్ తెరిచింది. రుసుము కట్టి మన ఇంటిదగ్గర కొలిపించుకునే వీలు కూడా అందులో ఉంది. ఆ వీలు పనికి రావాలంటే పెట్టె ఎవరిదో ముందు తెలియాలి. పేరు లేని పెట్టె మీద ఫిర్యాదు రాయడం ఎవరికి?

మూడు వందల రూపాయల లెక్క

ధర సంగతి తేలిగ్గా తీసేయలేం. ఏడాదికి 300 రూపాయలంటే నెలకు 25. అమెరికా సమాఖ్య కమ్యూనికేషన్ల కమిషన్ 2018లో ఇలాంటి నియమమే చేసింది: ఉన్న స్తంభం మీదైతే 60 రోజులు, కొత్త స్తంభమైతే 90 రోజులు గడువు, ఏడాదికి 270 డాలర్లదాకా రుసుము సమంజసం అని. ఆనాటి మారకంలో అది దాదాపు 20 వేల రూపాయలు. తెలుగువాళ్లు వేలమంది ఉండే శాన్ హోసే నగరం అంతకు కొద్దినెలల ముందే మూడు కంపెనీలతో సుమారు 4,000 బుల్లి టవర్లకు ఒప్పందం చేసుకుంది. ఆ అద్దెతో పేద ఇళ్లకు ఇంటర్నెట్ అందించే నిధికి పదేళ్లలో 2.4 కోట్ల డాలర్లు వస్తాయని లెక్క వేసింది. సమాఖ్య కమిషన్ ధర తగ్గించడంతో ఇతర నగరాలతో కలిసి కోర్టుకెళ్లింది. 2020 ఆగస్టులో అప్పీళ్ల కోర్టు ధరనూ గడువునూ సమర్థించింది. పరికరాల రూపురేఖలపై నగరాల చేతులు కట్టేసిన భాగంలో మాత్రం చాలావరకు కొట్టేసింది. అక్కడ కూడా నగరానికి మిగిలింది షరతుల అధికారమే.

మనకు 300 తక్కువే. టవర్లమీద ఆస్తిపన్ను వేయవచ్చని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినా, 2023 చట్టం టెలికాం వ్యవస్థను అది నిలబడ్డ ఆస్తిలో భాగంగా లెక్కించకూడదని, దానిమీద ఆస్తిపన్ను వర్తించదని చెప్పడంతో పట్టణాలకు ఆ దారి కూడా ఇరుకైంది. అయినా ధర పెంచమని పోరాడడం మన పట్టణాలకు మొదటి పని అని నేననుకోను. ధర ఎక్కువైతే కంపెనీ డబ్బున్న జనం ఉండే వీధిలోనే పెట్టెలు పెట్టి శివారును వదిలేస్తుంది, కాలువలో జరిగినట్టే. చౌకగా ఇచ్చి, బదులుగా డబ్బు కాని వాటిని అడగడం మేలు: ఒకే పెట్టెను రెండు మూడు కంపెనీలు పంచుకోవడం, పనికిరాని పాత తీగను సొంత ఖర్చుతో విప్పి తీసుకుపోవడం, స్తంభం పక్కకు ఒరిగితే నిలబెట్టే బాధ్యత, పగలు కూడా కరెంటున్న పెట్టె అని దీపం మార్చే మనిషికి కనిపించేలా ఎర్ర రంగులో తెలుగులో రాసిన హెచ్చరిక.

వీటన్నిటికీ ముందు కావాల్సింది స్తంభాల పుస్తకం. దానికి కొత్త శాఖ అక్కర్లేదు. ప్రతి వార్డు సచివాలయంలో సౌకర్యాలు చూసే కార్యదర్శి ఉన్నారు, విద్యుత్ సంస్థ సిబ్బంది ఉన్నారు. ఫోనుతో ప్రతి స్తంభాన్నీ ఫొటో తీసి, నంబరు వేసి, ఏమేం వేలాడుతున్నాయో రాస్తే ఒక వార్డు లెక్క కొన్ని రోజుల పని. రాసిన లెక్కను మున్సిపల్ కార్యాలయం గోడమీద, తెలుగులో, అందరికీ కనిపించేలా పెట్టాలి. "ఎవర్నడిగి పెట్టారండీ?" అన్న ప్రశ్నకు అప్పుడు ఆ గోడే జవాబు చెబుతుంది.

ఈ సాయంత్రం దీపాలు వెలిగేవేళకి మీ వీధి స్తంభం దగ్గరికి వెళ్లి చూడండి. దానికి నంబరుందా, దానిమీద ఎన్ని తీగలున్నాయి, ఏ పెట్టె మీదైనా పేరుందా అని. లేకపోతే మీ వార్డు కౌన్సిలరును, సచివాలయాన్ని అడగండి, స్తంభాల లెక్క ఎప్పుడు రాస్తారని. దరఖాస్తు పడిన రోజునుంచే అరవై ఏడు రోజులు లెక్కలోకి వస్తాయి.